బొమ్మ పక్కన చీటీలో తెలుగు ఎందుకు ఉండదు?

హైదరాబాద్‌లో ఒక ఫైన్ ఆర్ట్స్ కాలేజీ విద్యార్థులు ఏడాది చివర పెట్టిన ప్రదర్శనకు వెళ్లాను. అరగంటలో చూసేసి వద్దామనుకున్నవాణ్ని, ఒక్క ఎచింగ్ దగ్గరే, అంటే రేకు మీద గీసి కాగితం మీద అచ్చు తీసిన బొమ్మ దగ్గరే, అంతసేపు నిలబడిపోయాను.

రెండు చేతులు, ఒక చాట, కత్తెర, తునికాకు. వేళ్ల దగ్గర గీతలు నల్లగా, మోచేతి వైపు పోయేకొద్దీ సన్నబడి దాదాపు కనపడనట్టు ఉన్నాయి. ఎచింగ్ చేయాలంటే జింక్ రేకుకు మైనం పూత వేసి, సూదితో గీసి, యాసిడ్‌లో ముంచాలి. ఎక్కువసేపు ఉంటే గీత లోతుగా తెగి అచ్చులో నల్లగా పడుతుంది. అంటే ఈ బొమ్మ వేసిన అబ్బాయి మొదట అంతా ఒకసారి ముంచి, మోచేతి గీతలను వార్నిష్‌తో మూసేసి, వేళ్లను మాత్రం మళ్లీ మళ్లీ యాసిడ్‌లో దించాడన్నమాట. ఎంత ఓపిక!

పక్కన చీటీ చూస్తే ఇంగ్లిష్‌లో ఆరు లైన్లు. మెమరీ, లేబర్, మెటీరియాలిటీ... చేతులు ఎవరివో మాత్రం లేదు. ఆ అబ్బాయినే అడిగాను. "మా నాయనమ్మవి సార్. బీడీలు చేస్తది. ఆకు మీద రేకు ముక్క పెట్టి కొలతకు కత్తిరిస్తది. నేను కూడా రేకు మీదనే చేసిన గదా" అన్నాడు. ఆ మాట విన్నాక బొమ్మను మళ్లీ మొదటి నుంచి చూశాను.

ఈ మాట చీటీ మీద ఎందుకు లేదు? పిల్లలది తప్పనను. బరువైన ఇంగ్లిష్‌లో రాస్తేనే మార్కులు, గ్యాలరీలు, పై చదువులు అనే టెన్షన్ వాళ్లకుంది, అది ఉత్త భయమేమీ కాదు కూడా. కానీ మన దగ్గర బొమ్మ మాటతోనే బతికింది. కథంతా బొమ్మలుగా గీసిన చేర్యాల పటం విప్పి కథకులు పాడి చెబితేనే ఊరు కూర్చుని వినేది. మెదక్ ప్రాంతంలోని నిజాంపూర్‌లో 1940లో పుట్టిన చిత్రకారుడు కె. లక్ష్మా గౌడ్ బరోడాలో చదువుకుని వచ్చినా, ఆయన ఎచింగ్‌లలో కనిపించేది పల్లె మనుషులూ, మేకలే. బొమ్మలోకి ఊరు రావచ్చు గానీ చీటీలోకి ఊరి మాట రాకూడదా?

నేనున్నప్పుడే ఒక అమ్మాయి తల్లిదండ్రులు వచ్చారు. బస్సు దిగి నేరుగా వచ్చినట్టున్నారు, చేతిలో సంచి అలాగే ఉంది. కూతురి బొమ్మ ముందు ఆగి, చీటీ దగ్గరికి వెళ్లి, ఒక్క క్షణం చూసి వెనక్కి జరిగారు. నాకు మనసు చివుక్కుమంది. ఇంగ్లిష్ తీసేయమనడం లేదు, దాని కింద తెలుగులో రెండు వాక్యాలు రాయమంటున్నాను, ఆ పిల్లలు నోటితో చెప్పినట్టే. విజిటర్స్ బుక్‌లో కూడా ఇదే రాసి వచ్చాను.