స్కోర్‌కార్డు గారికి, ఉభయ కుశలోపరి

గౌరవనీయులైన బాక్సింగ్ స్కోర్‌కార్డు గారికి,

విశాఖపట్నం నుంచి మీ పాత అభిమాని నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. నిద్రలేక కళ్ళు మండుతున్నాయి, అంతే. అక్కడ మీరూ, మిమ్మల్ని నింపిన పెన్నూ, ఆ పెన్ను పట్టుకున్న చెయ్యీ క్షేమమని తలుస్తాను.

మొన్న ఆదివారం బాక్సింగ్ పోటీ చూడ్డానికి తెల్లవారుజామున మూడింటికి అలారం పెట్టుకుని లేచాను. యూరప్‌లో శనివారం రాత్రి అంటే మాకు పాలపాకెట్లు రావడానికి కాస్త ముందు వేళ. డబ్బు కట్టి, మేనల్లుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, కరెంటు బిల్లు వెనక గళ్ళు గీసి పన్నెండు రౌండ్లకీ నా లెక్క నేను వేసుకున్నాను: రౌండు గెలిచినవాడికి పది, ఓడినవాడికి తొమ్మిది, మరీ చితికిపోతే ఎనిమిది. మధ్యలో టీ పొంగి స్టవ్వంతా పాడైంది గానీ లెక్క మాత్రం ఆగలేదు. నా బిల్లు ప్రకారం, బ్యాగు సర్దుకుని పరాయి దేశం వచ్చిన కుర్రాడు 116-112తో గెలిచాడు. రింగులో సూటు వేసుకున్నాయన మైకు పట్టుకుని, ముగ్గురు జడ్జిలు తలా ఒకటి నింపిన మీలో ఒకదాన్ని చదివాడు: 117-111. అబ్బో, నాకంటే ధారాళంగా వేశారే అని మురిసిపోయేలోపే పేరు చెప్పాడు. ఇంటివాడి పేరు, అంటే ఆ ఊరి బాక్సర్ పేరు! హాలు ఊగిపోయింది. కుర్రాడు ఏడవలేదు, అరవలేదు, నవ్వాడు. రైలు వెళ్ళిపోయిందని తెలిసి కూడా ప్లాట్‌ఫాం దాకా వచ్చినవాడి నవ్వు అది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మీ దయవల్ల మొదటి సగం మరీ తేలికైపోయింది. రెండో సగం కావాలంటే మాత్రం ఇంటివాణ్ణి స్ట్రెచర్ మీద పంపించాలి. పరాయి ఊళ్ళో డ్రా దక్కాలన్నా నాకౌట్ చెయ్యాల్సిందేనని బాక్సర్లు జోకు వేసుకుంటారు. నవ్వొచ్చేది మొదటిసారి విన్నప్పుడే.

నిజానికి మన మధ్య పాత బాకీ ఒకటుంది. 2017 జులై 2, ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్, సన్‌కార్ప్ స్టేడియం. ఒక మూల 38 ఏళ్ళ ఫిలిప్పీన్స్ చాంపియన్ మానీ పాకియావో. ఇంకో మూల అంతకుముందు స్కూల్లో పిల్లలకి వ్యాయామం నేర్పిన ఆ ఊరి జెఫ్ హార్న్. చుట్టూ 51 వేల మంది. అమెరికా టీవీలో శనివారం రాత్రి రావాలని అక్కడ పట్టపగలే పోటీ పెట్టారు. హార్న్ మొదట్లో మొరటుగా మీదపడి బాగానే ఆడాడు, కాదనను. కానీ తొమ్మిదో రౌండు మీకు గుర్తుండాలి. కాళ్ళు తూలుతూ, తలకాయ అటూ ఇటూ ఊగుతూ అతను ఎలా నిలబడ్డాడో అతనికే తెలియాలి. రౌండు అయ్యాక రెఫరీ అతని మూలకి వెళ్ళి, ఏదో ఒకటి చూపించకపోతే ఆట ఆపేస్తానన్నాడు. మొత్తం పోటీలో తగిలిన దెబ్బలు దెబ్బలు లెక్కపెట్టే కంప్యూబాక్స్ వాళ్ళ లెక్కలో పాకియావోవి 182, హార్న్‌వి 92.

మీరు ముగ్గురూ హార్న్ అన్నారు. ఇద్దరు 115-113. సరే, అటో ఇటో అనుకుని నోరు మూసుకునేవాణ్ణి. మూడోవారు 117-111. అంటే తొమ్మిది రౌండ్లు హార్న్‌కి, మూడు పాకియావోకి.

ఆ రోజు క్యాలెండరు వెనక చేసిన కూడిక ఇప్పటికీ నా దగ్గరుంది. 117, 111 కలిపితే 228. 115, 113 కలిపినా 228. పన్నెండు రౌండ్లకి రౌండుకి పంతొమ్మిది చొప్పున సరిగ్గా 228. అంటే మీ ముగ్గురిలో ఒక్కరు కూడా ఒక్క రౌండుకీ 10-8 వెయ్యలేదు. మనిషిని ఆపేస్తానని రెఫరీ హెచ్చరించిన రౌండూ 10-9, మోచేత్తో నెట్టి ఓ అర అంగుళం ఎక్కువ మొగ్గిన రౌండూ 10-9! కిటుకంతా ఇక్కడే ఉంది కదండీ. వచ్చినవాడు చితక్కొట్టినా ఒకటే పాయింటు. ఇంటివాడు కాస్త పైచేయి అనిపించినా ఒకటే పాయింటు. అలాంటి వెంట్రుకవాసి రౌండ్లన్నీ ఏరి ఇంటివాడి విస్తట్లో వేస్తే చాలు, ఎవరూ అబద్ధం ఆడక్కర్లేదు.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు మావాళ్ళు. మీరు ఆ సామెతనీ దాటేశారు. ఆ రోజు వడ్డించినవాళ్ళలో ఆస్ట్రేలియా వాళ్ళు ఎవరూ లేరు. ఇద్దరు అమెరికన్లు, ఒక అర్జెంటీనా ఆయన. వడ్డించేవాడు ఎవడైతేనేం, పెళ్ళి మనింట్లో జరిగితే చాలు. ఆ జడ్జికి ఫీజు, విమానం టికెట్టు, హోటల్ గది అన్నీ చివరికి వచ్చి పడేది ప్రమోటర్ ఖాతాలోనే. పైగా రింగు పక్కన కూర్చుంటే కనిపించేవి సగం తాళ్ళూ రెఫరీ వీపూ. ఇంటివాడి గ్లవ్ ఎదుటివాడి మోచేతికి తగిలినా వేలమంది ఒక్కసారి "హో" అంటారు. చూడలేనిది చెవితో రాస్తాడు పాపం. దీనికి లంచం ఎందుకు?

తర్వాత ఫిలిప్పీన్స్ అధికారులు అడిగితే ఆ టైటిల్ ఇచ్చే ప్రపంచ బాక్సింగ్ సంస్థ డబ్ల్యూబీఓ మరో ఐదుగురు జడ్జిలతో ఆ పోటీ మళ్ళీ చూపించింది. వాళ్ళ పేర్లు బయటపెట్టలేదు. హార్న్‌కి ఏడు, పాకియావోకి ఐదు అని తేల్చారు. బాగుంది. మరి మీ తొమ్మిది-మూడు సంగతి? దాని గురించి మీరు ఇప్పటికీ మాట్లాడరు.

ఇది నా ఒక్కడి ఉక్రోషం అనుకునేరు. యూరోపియన్ చాంపియన్‌షిప్ పోటీల మీద 2005లో వచ్చిన అధ్యయనం ఒకటుంది. సమ ఉజ్జీలు తలపడి నాకౌట్‌తో ముగిస్తే ఇంటివాడు గెలిచే అవకాశం నూటికి 57. పాయింట్ల దాకా, అంటే మీ దాకా వస్తే 74. సొంత మంచం మీద నిద్ర, సొంత వంట, అలవాటైన వాతావరణం అన్నీ కలిసి ఆ 57 తెచ్చాయనుకుందాం. మిగతా పదిహేడూ ఎక్కణ్ణుంచి వచ్చాయండీ?

గ్లాస్గో గురించి ఎక్కువ చెప్పను. 2022లో జాక్ కాటరాల్ ఇంగ్లండ్ నుంచి స్కాట్లండ్ వెళ్ళి జోష్ టేలర్‌ని ఎనిమిదో రౌండులో కింద పడేశాడు. అయినా ఒక కార్డు మీద టేలర్ 114-111తో గెలిచాడు. రైల్లో వెళ్ళొచ్చే దూరానికే మనిషి పరాయివాడైపోయాడు. ఆ జడ్జి హోదాని బ్రిటిష్ బాక్సింగ్ బోర్డు తర్వాత ఓ మెట్టు తగ్గించింది. న్యూయార్క్ 1999 అయితే తలుచుకోకపోవడమే మేలు. బ్రిటన్ నుంచి వచ్చిన లెన్నాక్స్ లూయిస్ 348 దెబ్బలు, అమెరికావాడు హోలీఫీల్డ్ 130, ఫలితం డ్రా!

అమెచ్యూర్ పోటీల్లో మీ తమ్ముళ్ళూ తక్కువ తినలేదు. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల సెమీఫైనల్లో మన సరితాదేవి కొరియా అమ్మాయిని రింగంతా తిప్పి కొట్టింది. తీర్పు 0-3. బహుమతుల వేళ ఆమె తన కంచు పతకాన్ని తీసి ఆ కొరియా అమ్మాయి మెడలోనే వేసింది. శిక్ష ఎవరికి పడింది? సరితకి, ఏడాది నిషేధం. నీకేం పడింది? నిన్ను మడిచి ఫైల్లో పెట్టారు. సిగ్గుండాలి. నాలుగేళ్ళు చెమటోడ్చిన మనిషి ముందు ఓ చీటీ ముక్క!

క్షమించాలి, "నువ్వు" అనేశాను. వెనక్కి మాత్రం తీసుకోను.

మీ వల్ల గెలిచినవాళ్ళు బాగుపడ్డారా అంటే అదీ లేదు. 1988 సియోల్ ఒలింపిక్స్ ఫైనల్లో అమెరికా రాయ్ జోన్స్ 86 దెబ్బలు కొడితే ఇంటివాడు పార్క్ సీ-హున్ 32 కొట్టి 3-2తో స్వర్ణం తీసుకున్నాడు. 2023లో ఆ పార్క్ అమెరికాలోని పెన్సకోలా దాకా వెళ్ళి, పతకాన్ని జోన్స్ చేతిలో పెట్టి వచ్చాడు. 35 ఏళ్ళు మోశాడు పాపం. సంతకాలు పెట్టిన ముగ్గురి పనీ ఆయనే చేశాడు.

ఈ ఉత్తరం మా మేనల్లుడికి చదివి వినిపించాను. వాడికి జ్ఞాపకశక్తి ఎక్కువ, గౌరవం తక్కువ. "2023లో ఢిల్లీలో నిఖత్ జరీన్ థాయ్‌లాండ్ రక్సత్ మీద రివ్యూ దాకా వెళ్ళి గెలిస్తే స్వీట్లు పంచావు. అదే ఏడు హాంగ్‌ఝౌలో అదే రక్సత్ 3-2తో గెలిస్తే మోసం అన్నావు. రెండూ ఫోన్లో హైలైట్సే కదా చూశావు?" అన్నాడు. నేను విననట్టు ఊరుకున్నాను. వాడు ఊరుకోలేదు. కరెంటు బిల్లు తిప్పి గళ్ళ మీద వేలు పెట్టాడు.

"మామయ్యా, టీ పొంగింది నాలుగో రౌండులో. రౌండంతా నువ్వు వంటింట్లోనే ఉన్నావు. మరి ఈ 10-9 ఎలా వేశావు?"

ఎవరికి వేశానో మీకు చెప్పక్కర్లేదు. ఆ బిల్లు గడువు రేపటితో అయిపోతుంది. కట్టేసి చించేస్తాను.

ఇట్లు,
మీ విధేయుడు
(పేరు రాయడం లేదు, మీ ఐదుగురు రివ్యూ జడ్జిల్లాగే)