“రిజిస్టర్ అయిన భూమి ఇక వాళ్లదే” అన్న మెసేజ్‌కు నా జవాబు

పోయిన నెల మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. అదే మెసేజ్ మా కాలనీ గ్రూపులోనూ, ఆఫీసు గ్రూపులోనూ తిరిగింది. అందులో ఉన్నది ఇది. రిజిస్టర్ అయిన డాక్యుమెంట్‌ను కోర్టు కూడా ఏమీ చేయలేదు. మూడేళ్లు దాటితే కేసు వేసే హక్కు పోతుంది. పన్నెండేళ్లు ఎవరి చేతిలో ఉంటే భూమి వాళ్లదే. 2005కు ముందు పెళ్లయిన ఆడబిడ్డకు పుట్టింటి ఆస్తిలో వాటా లేదు. పాసుపుస్తకం ఎవరి పేరు మీద ఉంటే వాళ్లే యజమాని. దొంగ రిజిస్ట్రేషన్ సివిల్ గొడవ, పోలీసులకు సంబంధం లేదు. చివర్లో ఒక సలహా: కోర్టుల చుట్టూ తిరిగి డబ్బులూ బంధాలూ పోగొట్టుకోకండి.

మా అమ్మ అది రెండుసార్లు చదివి, “ఇక వదిలేద్దామా బిడ్డా?” అని అడిగింది. అందుకే ఇది రాస్తున్నాను.

మా తాతది రంగారెడ్డి జిల్లా. ఆ ఊరు ఒకప్పుడు పట్నానికి చాలా దూరం. ఇప్పుడు ఔటర్ రింగ్ రోడ్డు దిగితే పది నిమిషాలు. తాత 2011లో పోయారు. 2023లో అమ్మ తన వాటా సంగతి ఎత్తితే మా చిన్న మామ, “నాయిన నాకు ఎప్పుడో రాసిచ్చిండు” అన్నాడు. ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) తీశాం. 2009లో ఒక గిఫ్ట్ డీడ్, అంటే దానపత్రం, కనపడింది. సర్టిఫైడ్ కాపీ తెచ్చి ఇంట్లో చాప మీద పరుచుకుని ఒక్కో పేజీ చూశాం. ఫొటో జిరాక్సులో నల్లబడిపోయి ముఖం పోల్చేలా లేదు. సంతకం ఉండాల్సిన ప్రతిచోటా వేలిముద్ర, పక్కన “నిశాని” (సంతకం రానివాళ్ల గుర్తు) అని ఇంకెవరిదో చేతిరాత. మా తాత నిజాం జమానాలో ఉర్దూ మీడియంలో చదివినవారు. బ్యాంకు కాగితమైనా, మా స్కూల్ ప్రోగ్రెస్ కార్డయినా ఉర్దూలోనే సంతకం చేసేవారు. అమ్మ ఆ నిశాని మీద వేలు పెట్టి, “మా నాయిన చదువురానోడా?” అంది. ఆ రోజు ఆమె మాట్లాడింది అదొక్కటే.

ఇప్పుడు మెసేజ్‌లోని మొదటి మాట. రిజిస్ట్రేషన్ చట్టం 1908 నాటిది. దాని 34, 35 సెక్షన్ల ప్రకారం సబ్ రిజిస్ట్రార్ చూసేది ముఖ్యంగా రెండు సంగతులు: ఎదురుగా నిలబడ్డ మనిషి ఎవరు, ఈ కాగితం తానే రాసిచ్చానని ఒప్పుకుంటున్నాడా లేదా. ఆ భూమి నిజంగా అతనిదేనా అని తేల్చే అధికారం ఆయనకు లేదు. తమిళనాడులో టైటిల్ కాగితాలు చూపకపోతే రిజిస్ట్రేషన్ నిరాకరించవచ్చని ఒక రూల్ ఉండేది. హక్కు ఎవరిదో తేల్చడం రిజిస్ట్రేషన్ అధికారి పని కాదంటూ 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. హక్కు తేల్చే అధికారమే లేని మనిషి వేసిన ముద్ర, హక్కు తేల్చిన తీర్పు ఎట్లా అవుతుంది?

అయితే నిజం మొత్తం చెప్పాలి. రిజిస్టర్ అయిన కాగితం సరైనదే అనే ఊహతోనే కోర్టు మొదలుపెడుతుంది. కాదని చూపించాల్సిన బరువు మన మీద ఉంటుంది. కానీ గిఫ్ట్ డీడ్‌కు ఇద్దరు సాక్షులు తప్పనిసరి. అది రాసిచ్చిందే అబద్ధమని మనం గట్టిగా చెబితే, సాక్షులు బతికుంటే, కనీసం ఒకరిని అవతలివాళ్లు బోను ఎక్కించాలి. మా డీడ్‌లో ఉన్న ఇద్దరిలో ఒక పేరు ఊళ్లో ఎవరికీ తెలియదు.

ఈ అపోహ ఎక్కడ పుట్టిందో కూడా నాకు అర్థమైంది. దొంగ డాక్యుమెంట్ దొరకగానే జనం ముందు పరిగెత్తేది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకే. అక్కడ “ఒకసారి రిజిస్టర్ అయ్యాక మేం రద్దు చేయలేం” అంటారు. అది నిజమే. 2016లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే చెప్పింది. కానీ “మేం రద్దు చేయలేం, కోర్టుకు పోండి” అన్న మాటలో రెండో సగం ఇంటికి వచ్చేలోపు రాలిపోతుంది.

మూడేళ్ల సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. ఈ మెసేజ్ ఎక్కువ నష్టం చేసేది ఇక్కడే. కాలపరిమితి చట్టం, 1963లో డాక్యుమెంట్ రద్దు కోరడానికి మూడేళ్ల గడువు ఉన్న మాట వాస్తవం. అయితే ఆ మూడేళ్లు డాక్యుమెంట్ తేదీ నుంచి కాదు, రద్దు కోరడానికి కారణమైన సంగతులు మనకు తెలిసినప్పటి నుంచి లెక్క. మోసం జరిగితే, అది బయటపడే దాకా, లేదా మామూలు జాగ్రత్తతో కనిపెట్టగలిగే దాకా గడువు మొదలే కాదని అదే చట్టం 17వ సెక్షన్ చెబుతుంది. “రిజిస్టర్ అయిన రోజే మీకు తెలిసినట్టు” అని అవతలి లాయర్ తప్పకుండా వాదిస్తాడు. అందుకే మనకు ఎప్పుడు, ఎట్లా తెలిసిందో కాగితం మీద ఉండాలి. ఈసీకి కట్టిన రసీదు, సర్టిఫైడ్ కాపీ మీది తేదీ ముద్ర పారేయకండి. తెలిసిన తర్వాత మాత్రం ఒక్క పండగ కూడా ఆగొద్దు. “పెద్దమనుషుల్లో మాట్లాడుకుందాం” అంటూ మాకు ఏడాది పోయింది. 2024లో కేసు వేశాం. ఈ మెసేజ్ అప్పుడే వచ్చి ఉంటే మిగిలిన గడువు కూడా పోయేదేమో అని తలుచుకుంటే ఇప్పటికీ టెన్షన్‌గా ఉంటుంది.

పన్నెండేళ్ల మాట బయటివాడు వచ్చి అందరికీ తెలిసేలా, నాదే అని ఎదురు తిరిగి భూమి పట్టుకున్నప్పుడు పనికొస్తుంది. ఉమ్మడి ఆస్తిని అన్నదమ్ముల్లో ఒకరు దున్నుకుంటుంటే ఆ స్వాధీనం అందరి తరఫునే అని చట్టం చూస్తుంది. “నీకు వాటా లేదు” అని స్పష్టంగా తెలిసేలా బయటికి నెట్టిన రోజు నుంచే లెక్క మొదలవుతుంది. ఒక్కడే కౌలు తిన్నంత మాత్రాన అక్కచెల్లెళ్ల హక్కు ఎగిరిపోదు.

ఆడబిడ్డల విషయానికి వస్తే, ఇది నేను నిదానంగా చెప్పాలి. మా అమ్మ పెళ్లి 1981లో అయింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, 1985 సెప్టెంబరు 5 నుంచి కూతుళ్లకు పూర్వీకుల ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది. అయితే ఆ తేదీకి ముందే పెళ్లయినవాళ్లను పక్కన పెట్టింది. మా ఊళ్లలో “పెళ్లయినదానికి వాటా లేదు” అన్న మాట ఇంకా బతికుండటానికి కారణం అదే. 2005 సెప్టెంబరు 9 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణలో ఆ పెళ్లి షరతు లేదు. కూతురికి పుట్టుకతోనే హక్కు ఉందని, 2005 నాటికి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందు నిజంగా జరిగిన అమ్మకాలు, రిజిస్టర్డ్ పంపకాలు మాత్రం కదలవు. మెసేజ్‌లో చెప్పాల్సిన తేదీ అది. ఆ తేదీకీ ఎవరి పెళ్లికీ సంబంధం లేదు.

ఇదంతా పూర్వీకుల ఆస్తి మాట. తండ్రి సొంతంగా కొన్న భూమికైతే ఈ చర్చే అక్కర్లేదు. ఆయన వీలునామా రాయకుండా పోతే భార్య, కొడుకు, కూతురు, ఆయన తల్లి బతికుంటే ఆమె కూడా, తలా ఒక సమాన వాటా. 1956 నుంచీ ఇదే చట్టం. మా తాత కొన్నది రెండెకరాలు. ఆ రెండెకరాల్లో అమ్మకు వాటా ఉందని మా ఇంట్లో ఒక్క మగమనిషి కూడా ఏనాడూ అనలేదు. ఈ మాట రాస్తుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

పాసుపుస్తకం గురించి తక్కువలో చెబుతాను. రెవెన్యూ రికార్డులో పేరు ఎక్కడం శిస్తు, పరిపాలన అవసరాల కోసం, దానితో హక్కు పుట్టదని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. తెలంగాణలో భూరికార్డుల కోసం 2020లో వచ్చిన ధరణి పోర్టల్ పోయి 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చింది. ఇప్పుడు తహసీల్దార్ ఉత్తర్వు మీద అప్పీలుకు దారి ఉంది. వాడుకోండి. పోర్టల్ పేరు మారినా వారసుల హక్కు మారదు.

పోలీసుల మాటా తప్పే. వేరే మనిషిని నిలబెట్టి తండ్రి అని చెప్పడం రిజిస్ట్రేషన్ చట్టం 82వ సెక్షన్ కింద నేరం, ఏడేళ్ల దాకా జైలు. ఫోర్జరీ, మోసం కేసులు వేరే. కొత్త నేర చట్టం వచ్చిన 2024 జులై 1కి ముందు జరిగినవాటికి పాత ఐపీసీ సెక్షన్లే వర్తిస్తాయి. సివిల్ దావా నడుస్తున్నంత మాత్రాన క్రిమినల్ కేసు ఆగాలని లేదు. స్టేషన్‌లో తీసుకోకపోతే పైఅధికారికి రాతపూర్వకంగా పంపి, తర్వాత మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లవచ్చు. మమ్మల్నీ మొదట “ఇంటి గొడవ, మాట్లాడుకోండి” అని పంపించేశారు.

ఇక డబ్బుల సంగతి. న్యాయసేవల అధికార చట్టం, 1987 ప్రకారం ఆదాయంతో సంబంధం లేకుండా ఏ స్త్రీకైనా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కుంది. ఎల్బీనగర్‌లోని రంగారెడ్డి కోర్టుల్లోనూ, హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టులోనూ న్యాయసేవాధికార సంస్థలు ఉన్నాయి. దావా నడుస్తుండగా భూమి ఎవరికైనా అమ్మితే, కొన్నవాడు కూడా వచ్చే తీర్పుకు కట్టుబడాల్సిందే. అయినా అమ్మకాన్నీ కట్టడాలనూ ఆపే కోర్టు ఉత్తర్వు, అంటే ఇంజంక్షన్, కోసం దరఖాస్తు వేయండి. ప్లాట్లు పడి, ఇళ్లు లేచాక గెలిచినా చేతికి వచ్చేది తక్కువ.

బంధాలు పోతాయన్న మాటకు మాత్రం నా దగ్గర చట్టం లేదు. రాఖీ పండక్కి అమ్మ రెండేళ్లుగా తమ్ముడింటికి పోలేదు. కానీ ఆ బంధం తెగింది మేం కోర్టుకు పోయిన 2024లో కాదు. ఎవరో ముసలాయన్ను కుర్చీలో కూర్చోబెట్టి, బొటనవేలికి సిరా పూసిన 2009లో.

1990లో తాత ఒక ప్లాటు అమ్మారు. ఆ డాక్యుమెంట్ మీద ఉర్దూ సంతకమూ ఉంది, బొటనవేలి ముద్రా ఉంది. ఆ వేలిముద్రనూ 2009 డీడ్ మీది వేలిముద్రనూ పోల్చి చూడటానికి రెడ్ హిల్స్‌లోని ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పంపమని దరఖాస్తు వేశాం. వచ్చే వాయిదాలో దాని మీద వాదనలు ఉన్నాయి. అమ్మ తానూ వస్తానంటోంది.