లక్షణం కంటే ముందు పద్యం వినిపించండి

ఉన్నత పాఠశాల పిల్లలకు ఛందస్సును, అలంకారాలను, సాహిత్య ప్రక్రియలను మనం నేర్పుతున్న తీరు మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. జాతరల్లో తెల్లవార్లూ పద్యనాటకాలు ఆడించుకున్న ఈ గోదావరి జిల్లాల్లో కూడా, చంపకమాల పద్యం లక్షణం అడిగితే ‘నజభజజజర’ అని గణాల (అక్షరాల గుంపుల) పేర్లు గడగడా అప్పజెప్పే పిల్లవాడు ఒక్క చంపకమాలనైనా రాగం తీసి చదవలేకపోతున్నాడంటే తప్పు వాడిది కాదు, వాడికి పద్యం వినిపించని మనది.

ఆటవెలదినే తీసుకుందాం. బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు (చిన్న గణాలు), రెండు ఇంద్రగణాలు (వాటికన్నా పెద్దవి). సరి పాదాల్లో ఐదు సూర్యగణాలు. ఇది నల్లబల్ల మీద రాసి ఊరుకుంటే ఎవరికీ ఏమీ అందదు. అలా కాకుండా, ప్రతి పిల్లకూ నోటికి వచ్చిన ‘విశ్వదాభిరామ వినురవేమ’ను అందరి చేతా చదివించి, విశ్వ – దాభి – రామ – వినుర – వేమ అని చప్పట్లతో విడగొట్టిస్తే ఐదు సూర్యగణాలూ వాళ్లంతట వాళ్లకే దొరుకుతాయి. వాటిలో నాలుగు గలాలు, అంటే సాగదీసి పలికే గురువు వెంట పొట్టిగా పలికే లఘువు; ‘వినుర’ ఒక్కటి నగణం, అంటే మూడూ లఘువులే. పాదం మొదట ‘వి’, నాలుగో గణం మొదట మళ్లీ ‘వి’ ఉన్నాయి కనుక పాదం మొదటి అక్షరానికి పాదం నడుమ జోడీ కుదరడమే యతి అని అక్కడే తేలిపోతుంది. పద్యం తరువాత పద్యానికి అదే పాదం చివర వస్తోంది కనుక మకుటమూ, దాని వెంట శతకమూ అర్థమవుతాయి. ఇంత సంపద ఒక్క పాదంలో ఉండగా విడివిడి నిర్వచనాలు బట్టీ పట్టించడం నాకు అన్యాయంగా తోస్తుంది.

అలంకారాలకూ ఇదే దారి. ‘గోదావరి తల్లిలా ఈ నేలను పోషిస్తోంది’ అంటే ఉపమ. ఉపమేయమైన గోదావరి, ఉపమానమైన తల్లి, ‘లా’ అనే వాచకం, పోషించడమనే సమానధర్మం నాలుగూ అందులో ఉన్నాయి. ‘గోదావరీమాత’ అనగానే భేదం తొలగి రూపకమవుతుంది. ‘ఏటిగట్టును తాకుతున్న ఈ వరద, బిడ్డలను చూడటానికి తల్లే ఊళ్లోకి వస్తున్నదేమో’ అంటే ఉత్ప్రేక్ష. ఊహ ఎక్కడ మలుపు తిరిగిందో పిల్లలే పట్టుకోగలరు.

ప్రక్రియల సంగతి మరీ బాధాకరం. పెద్దదైతే నవల, చిన్నదైతే కథ అని రాసినా మార్కు పడుతోంది. గద్యపద్యాలు కలిసిన చంపూ పద్ధతిలో నన్నయ భారతాన్ని తెనిగించింది రాజమహేంద్రవరంలోనే; 1878లో వెలువడటం మొదలైన వీరేశలింగం నవల ‘రాజశేఖర చరిత్రము’లో కథ ఆరంభమయ్యేది ధవళేశ్వరంలోనే. ఆ పుటలు రెండు తరగతిలో చదివిస్తే రూపభేదం దానంతటదే తెలుస్తుంది.

అందుకే నా కోరిక ఇది: పరీక్షలో లక్షణం అడగడం మానేసి, పిల్లలు అంతకుముందు చూడని పద్యమొకటి ఇచ్చి, గణవిభజన చేసి అందులోని అలంకారం ఎందుకు బాగుందో నాలుగు వాక్యాల్లో రాయమనాలి. పద్యాన్ని భావానుగుణంగా చదివినవారికి విడిగా మార్కులివ్వాలి, ఏడాదికొక్కసారైనా దగ్గరలోని పద్యనాటక కళాకారులను తగిన పారితోషికంతో తరగతికి పిలిపించాలి.