తొమ్మిదో క్లాజు గారికి విన్నపం

మహారాజరాజశ్రీ నాన్‌కంపీట్ (పోటీదారులకు పని చేయరాదనే) క్లాజు గారి సముఖమునకు, హనుమకొండ నయీంనగర్‌లో ఒక గదీ, ఒక ల్యాప్‌టాప్ పెట్టుకొని చిన్న వ్యాపారాల ఆన్‌లైన్ ప్రకటనలు చూసుకొనే కన్సల్టెంటు వ్రాసుకొను విన్నపము.

తమరిని నేను మొదటిసారి దర్శించుకున్నది పదకొండు పేజీల ఒప్పందంలో, తొమ్మిదో అంకె పక్కన. కొత్తవాడ డర్రీలను ఆన్‌లైన్‌లో అమ్మే ఒక సేటు, మూడు నెలల పనికి నెలకు తొమ్మిది వేలు ఇస్తానని చెప్పి, "గిది ఉత్త ఫార్మాలిటీ తమ్మీ, సంతకం పెట్టు" అంటూ తమరిని నా ముందుంచాడు. పని ముగిశాక రెండేళ్ళ పాటు డర్రీలు, జంపఖానాలు, తివాచీలు, "వాటిని పోలిన ఇతర వస్తువులు" అమ్మే ఎవరికీ భూగోళంలో ఎక్కడా నేను పని చేయరాదనీ, చేస్తే ఐదు లక్షలు కట్టాలనీ తమరు సెలవిచ్చారు. ఇరవై ఏడు వేలు సంపాదించబోయేవాడి దగ్గర ఐదు లక్షలుంటాయని నమ్మిన తమ పెద్ద మనసుకు నమస్కరించాను. భూగోళం సంగతే కొంచెం ఆలోచించవలసింది. సేటు పంపే పార్సిలు పక్కనున్న ములుగు చేరడానికే నాలుగు రోజులు పడుతుంది. ఆ సేటు కూడా ఇంకొకరి గద్దె మీద కూర్చొని లెక్కలు నేర్చుకొని, తర్వాత అదే వీధిలో సొంత కొట్టు తెరిచినవాడే.

తమ వంశచరిత్ర తిరగేశాను. చట్టబద్ధమైన వృత్తినీ వ్యాపారాన్నీ చేసుకోకుండా ఎవరినైనా అడ్డుకొనే ఒప్పందం ఆ మేరకు చెల్లదని 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ చెబుతోంది. మరో రెండేళ్ళకే కలకత్తా హైకోర్టు ముందుకు ఇద్దరు ఇత్తడి సామాన్ల వ్యాపారుల తగాదా వచ్చింది. ఈ పేటలో నీ కొట్టు మూసేయి, పనివాళ్ళకు నువ్విచ్చిన 900 రూపాయల బయానా నేను భరిస్తానని ఒకాయన అన్నాడు. రెండో ఆయన మూశాడు. మొదటి ఆయన డబ్బివ్వలేదు. ఒప్పందమే చెల్లదు గనుక డబ్బూ రాదని 1874లో తీర్పు వచ్చింది. తమరిని నమ్మి కొట్టు కట్టేసినవాడి చేతికే చిప్ప వచ్చిందన్నమాట. (పెంబర్తిలో తరతరాలుగా పక్కపక్క ఇళ్ళలో ఇత్తడి రేకులు చెక్కుకొంటున్నవారికి అసలు ఈ తగాదాయే అర్థం కాదు.)

ఇంకో విచిత్రం. సేటు ఎక్కడినుంచో దించుకొన్న ఆ కాగితాలకు కాలిఫోర్నియా చట్టం వర్తిస్తుందని చివరి పేజీలో ఉంది. తమరిని గడప తొక్కనివ్వని రాష్ట్రం అదే, అదీ 1872 నుంచే! ఉద్యోగులతో రాయించుకున్న ఇలాంటి షరతులు చెల్లవని 2024 ఫిబ్రవరి 14 లోగా వారికి స్వయంగా తెలియజేయాలని అక్కడి యజమానులను చట్టం ఆదేశించింది.

పని నడుస్తున్నంతకాలం ఎదుటి కొట్టుకు పని చేయవద్దంటే నాకు అభ్యంతరం లేదు. అటువంటి షరతును 1967లో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. కొనుగోలుదారుల ఫోన్ నంబర్లు బయటపెట్టవద్దనే తమ పక్కింటి ఎనిమిదో క్లాజు వారు చాలా మర్యాదస్థులు, వారికి సంతోషంగా తలవంచాను. తమరి సంగతి వేరు. తమరు కోర్టులో నెగ్గనక్కరలేదు. వకీలుకిచ్చే మొదటి ఫీజే నా మూడు నెలల సంపాదనను మింగుతుందని నాకూ తెలుసు, సేటుకూ తెలుసు. మిర్చిపొడి అమ్మేవారి ఆన్‌లైన్ పేజీ నడిపేందుకు తమరున్న కాగితం మీద సంతకం పెట్టిన పాపానికి, మా తోటి అమ్మాయి ఒకామె, పచ్చళ్ళవారు పిలిచినా వెళ్ళక ఆరు నెలలు ఇంట్లో కూర్చుంది. ఆమెపై ఎవరూ కేసు వేయలేదు, ఎవరూ నోటీసైనా పంపలేదు; తమరి పేరు తలచుకోవడమే సరిపోయింది.

అందుచేత తమరిని నీలిసిరాతో కొట్టివేసి, పక్కన పొట్టి సంతకం చేసి పంపించాను. నొచ్చుకోకండి. వ్యాపారాన్ని దాని పేరుప్రతిష్ఠలతో సహా అమ్ముకొన్నవాడిని, కొన్నవాడు ఒక హద్దులో, న్యాయమైన మేరకు కట్టడి చేయవచ్చని ఆ 27వ సెక్షనే మినహాయింపు ఇచ్చింది. నా గదికీ ల్యాప్‌టాప్‌కూ అంతటి పేరు వచ్చి, దాన్ని కొనేవాడు దొరికిన రోజున తమరు తప్పక రండి. కొత్తవాడ జంపఖానా పరిచి కూర్చోబెడతాను.

ఇట్లు,
తమ తొమ్మిదో అంకెను ఖాళీ చేయించినవాడు