బురుజు మాట మీద తిరుగుతున్న మెసేజ్ గురించి

వారం రోజులుగా మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒకటే మెసేజ్. బురుజు అంటే కోటగోడ అట, అది అచ్చ తెలుగు మాట అట, చివర ఉకారం ఉండటమే సాక్ష్యమట, దుబాయ్ వాళ్లు దాన్నే పట్టుకెళ్లి బుర్జ్ ఖలీఫా అని పెట్టుకున్నారట. తెలుగంటే నాకూ ప్రాణమే, అందుకే ఇది చూసి ఊరుకోలేకపోయాను.

ముందు అర్థం సంగతి. కోటగోడలోంచి గుండ్రంగా బయటికి పొడుచుకొచ్చిన కట్టడాన్నే బురుజు అంటారు, గోడ మొత్తాన్నీ కాదు. గోల్కొండ వెళ్లినప్పుడు గమనించండి. మామూలు గోడ మీద నిలబడితే సరిగ్గా గోడ మొదట్లోకి చేరిన శత్రువు కనపడడు, అదే బురుజు మీద నుంచి పక్కకి చూస్తే గోడ పొడవునా అడుగు దాకా కనిపిస్తుంది, అక్కడి నుంచే కొట్టొచ్చు. గోల్కొండ బయటి గోడకి ఇలాంటివి 87 ఉన్నాయి. ఫతే రహ్‌బర్ ఫిరంగి ఉన్నది వాటిలో ఒకటైన పెట్ల బురుజు మీదే. బురుజంటే గోడే అయితే ఒక్క గోడకి 87 ఎలా వచ్చాయి?

ఇక ఉకారం. రోజు, ఖర్చు, బజారు, దర్బారు ఫార్సీ నుంచి వచ్చినవే. బస్సు, కారు, రైలు కూడా అచ్చ తెలుగంటారా?

దుబాయ్ కథ అయితే మరీ అన్యాయం. ఆ భవనం తెరిచింది 2010లో. బుర్జ్ అరబ్బీ మాట, ఖురాన్‌లో 85వ సూరా పేరే బురూజ్, అంటే బుర్జ్‌కి బహువచనం. మేషం, వృషభం లాంటి రాశిని కూడా అరబ్బీలో బుర్జ్ అనే అంటారు. దాని మూలం గ్రీకు పిర్గోస్ అని చాలామంది పండితుల అభిప్రాయం.

మరి బురుజుకి మనదైన మాటే లేదా అంటే, ఎందుకు లేదు, కొత్తళం ఉంది! "కోటలూ కొత్తళాలూ" అని రోజూ అంటూనే ఉంటాం, ఆ రెండోది ఏమిటో ఎవరూ అడగరు. కన్నడంలోనూ కొత్తళ అనే అంటారు. కోట సంగతి ఇంకా గొప్పది, తమిళంలో కోట్టై, కన్నడంలో కోటె, సంస్కృతంలోని కోట్ట కూడా ద్రావిడం నుంచి వెళ్లిందేనని భాషావేత్తలు చాలామంది అంటారు.

మెసేజ్ పెట్టిన చిన్నాయనకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. బురుజు తీసేసి కొత్తళం గురించి రాసి పెట్టండి చిన్నాయనా, పది గ్రూపులకి నేనే పంపుతానన్నాను.