6/6 వచ్చిన కంటికి ఫిర్యాదేమిటి?

లేజర్ చికిత్సతో కళ్లద్దాలు వదిలించుకుని కూడా తృప్తి లేని కృతఘ్నులు కొందరున్నారు. రాత్రి ప్రతి దీపం చుట్టూ వలయమట, ఎదురొచ్చే హెడ్‌లైట్లు ముళ్లపందుల్లా విచ్చుకుంటాయట. వీరందరికీ దొరికే దివ్యౌషధం ఒకటే: "మీ చూపు 6/6 ఉందండీ, ఇంకేం కావాలి?"

నిజమే, మామూలు కన్ను ఆరు మీటర్ల నుంచి చదివే అక్షరాలు చదివేశాక ఇంకేం కావాలి? 1862లో స్నెలెన్ అనే డచ్చి వైద్యుడు అక్షరాల చార్టు తయారుచేసే నాటికి విద్యుత్ దీపాల కారే పుట్టలేదు. కాబట్టి తప్పు చార్టుది కాదు, రోడ్డుది. రోడ్డునే సవరించాలి.

నా ప్రతిపాదన ఇది. చీకటి పడగానే వాహనాలన్నీ దీపాలు ఆర్పేసి, ముందు తెల్లని పలకపై నల్లని అక్షరాలు తగిలించుకోవాలి. లారీకి పై వరుస, మోటారు సైకిలుకు అట్టడుగు వరుస. సరిగ్గా ఆరు మీటర్ల దూరంలో ఆగి, డ్రైవరు బెత్తంతో దిగి, "ఎడమ కన్ను మూసుకోండి" అనాలి. మనం చివరి వరుస దాకా చదివి వినిపిస్తే, సంతకం తీసుకుని దారి వదలాలి. అడ్డొచ్చే కుక్కల తోకలకూ చిన్న చార్టులు కట్టాలి. ఇక చంద్రుడు: చికిత్స తర్వాత కొందరికి ఇద్దరు ముగ్గురుగా కనిపిస్తున్నాడు. ఆయన్ను పిలిపించి సంజాయిషీ అడగాలి.

చార్టుకు తెలియనిది కనుపాపకు తెలుసు. చీకట్లో అది కొందరిలో ఏడెనిమిది మిల్లీమీటర్ల దాకా విప్పారుతుంది. లేజర్ పూర్తిగా సరిదిద్దే మేర సాధారణంగా ఆరు, ఆరున్నర. ఆ అంచుల నుంచి దూరిన కాంతి చేరాల్సిన చోటికి చేరదు. కారణం అదొక్కటే కాదు. మిగిలిపోయిన కాస్త పవరు ఉండొచ్చు, కంటి ముందుండే పారదర్శక పొర, కార్నియాలో ఎగుడుదిగుళ్లు ఉండొచ్చు. చికిత్సలో కార్నియా పైపొర లేపేటప్పుడు తెగిన నరాల వల్ల కన్ను పొడిబారి, రెప్ప వేసినప్పుడల్లా చూపు మసకబారి తేటపడుతుంటుంది. చాలామందికి ఇవి నెలల్లో తగ్గుతాయి.

తగ్గనివారితో "అంతా మీ ఊహ" అంటారే, అక్కడ నాకు ఒళ్లు మండుతుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పాలుపంచుకున్న అధ్యయనం 2017లో వెలువడింది. చికిత్సకు ముందు ఏ ఇబ్బందీ లేనివారిలో 43 నుంచి 46 శాతం మంది, మూడు నెలలకు కొత్తగా వలయమో మెరుపో మరొకటో కనిపిస్తోందన్నారు. రోజువారీ పనులకు బాగా అడ్డొచ్చినది కొద్దిమందికే. ఎక్కువమంది చూపుతో తృప్తిగానే ఉన్నారు, ఒప్పుకుంటాను. కానీ అదే అధ్యయనంలో తేలిన ఇంకో సంగతి చూడండి: తమ బాధను డాక్టరుకు చెప్పినవారికంటే ప్రశ్నపత్రంలో రాసినవారు రెట్టింపుకు మించి ఉన్నారు! ఎందుకు చెబుతారు? చెబితే వచ్చే జవాబు తెలిసిందే కదా! కంటిని చెక్కడానికి ముందు రాత్రి సంగతి ఎత్తరు, చెక్కాక ఎత్తనివ్వరు. చీకట్లో బండి నడపడానికి వణికే మనిషిని చార్టు ముందు నిలబెట్టి అబద్ధాలకోరును చేస్తారు. ఇది వైద్యమా, దబాయింపా?

చేయగలిగింది లేకనా? ప్రిజర్వేటివ్ లేని కృత్రిమ కన్నీటి చుక్కలున్నాయి. మిగిలిన పవరుకు రాత్రిపూట పెట్టుకునే అద్దాలున్నాయి, కనుపాపను కాస్త ముడిచే మందులున్నాయి. కార్నియా ఎగుడుదిగుడైతే, దాన్ని తాకకుండా కంటి తెల్లభాగంపై ఆనే పెద్ద కాంటాక్టు లెన్సులు, స్క్లెరల్ లెన్సులున్నాయి. ఎవరికేది పనికొస్తుందో తేల్చాలంటే కార్నియా పటం తీయాలి, కన్నీటి పొర పరీక్షించాలి, కనుపాపను చీకట్లో కొలవాలి. ఆ గదిలో స్విచ్చు ఉంది, లైటు ఆర్పండి.