టైరు మీది అంకెలు చెరిపేయాలని మనవి

మినీ ట్రక్కు టైర్ల మీద అచ్చుపోసే అంకెలను ప్రభుత్వం తక్షణమే నిషేధించాలని ఈ వ్యాసకర్త సవినయంగా కోరుతున్నాడు. కొనేవాడు చదవడు, అమ్మేవాడు చదివి చెప్పడు. అటువంటప్పుడు రబ్బరు మీద అంత జాగా వృథా చేయడం దేనికి? బండి వెనుక ‘చూసి ఏడవకు’ అని రాయించడానికి పెయింటరుతో గంటసేపు అక్షరాల వంపులు చర్చించే యజమాని, 185 ఆర్14 ఎల్‌టీ 8పీఆర్ 102/100 అన్న పంక్తి వైపు కన్నెత్తి చూడడు.

చూసినా చిక్కే. 185 టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 14 రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. మధ్యనున్న ఆర్ అంటే రేడియల్, లోపలి దారాలు ఒక అంచు నుంచి మరో అంచుకు అడ్డంగా సాగే రకం. టైరు పక్కగోడ ఎత్తు ఎంతో రాయనే లేదు. రాయకపోతే వెడల్పులో సుమారు 82 శాతమని మనమే గ్రహించాలట, పెళ్లిచూపుల్లో కట్నం మాట ఎవరూ ఎత్తకపోయినా అందరికీ తెలిసినట్టు. ఎల్‌టీ అంటే లైట్ ట్రక్కు. అమెరికావాళ్లు దాన్ని ఎల్‌టీ245/75ఆర్16 అని ముందు పెడతారు. మనుషుల ఇంటిపేరు చివర పెట్టుకునే ఆ దేశం, టైరు దగ్గరికొచ్చేసరికి మన సంప్రదాయం పాటించడం విశేషం. ఇక 8పీఆర్ (ప్లై రేటింగ్, పొరల లెక్క) ఉంది కదా అని ఎనిమిది పొరలు వెతికితే దొరకవు. నూలు పొరలతో టైర్లు చేసిన కాలంలో ఎనిమిదింటికి ఉండే బలం దీనికుందని మాత్రమే దాని అర్థం. జమీ పోయినా జమీందారుగారన్న పిలుపు మిగల్లేదూ?

మా బావమరిది ఈ చాదస్తాలకు అతీతుడు. మదనపల్లె మార్కెట్టుకు టమోటా తోలే తన బండికి వెనుక టైర్ల బటన్ (రోడ్డును పట్టే గాళ్ల అచ్చు) అరిగిపోతే, ఒక దుకాణంలో “185, 14. అదే సైజు అన్నా, రేటు కూడా తక్కువ” అనగానే 185/65 ఆర్14 జత వేయించుకుని వచ్చాడు. అవి కారు టైర్లు. ఎత్తు వెడల్పులో 65 శాతమే కనుక బండి వెనుకవైపు మూడు సెంటీమీటర్లు కుంగింది. వాటి లోడ్ ఇండెక్స్ (మోయగల బరువుకు గుర్తు) 86, అంటే టైరుకు 530 కిలోలు. పాతవాటి 102కు అర్థం 850 కిలోలు; గీత తర్వాతి 100, ఒకేవైపు జంట టైర్లు ఉన్నప్పుడు ఒక్కొక్కటి మోయగల 800. వెరసి రెండు టైర్లకూ కలిపి వెనుక ఇరుసు కింద 640 కిలోల బలం మాయమైంది. పాతిక కిలోల పెట్టెలైతే పాతికకు పైనే.

ఇదంతా విడమరచి చెబితే, “టమోటాలకు అంకెలు తెలియవు కదా బావా” అన్నాడు. బంపరుకు కొత్త నిమ్మకాయ, మిరపకాయలు మాత్రం శ్రద్ధగా కట్టాడు.

అంగళ్లు ఊరు దాటాక, మిట్టమధ్యాహ్నం, ఎడమ వెనుక టైరు పేలింది. రోడ్డంతా టమోటా పచ్చడి. టైరు పీలికలైపోయినా, ఒక ముక్క మీద 86 అన్న అంకె చెక్కుచెదరకుండా మావైపే చూస్తోంది. అంకెలను నిషేధించాలన్న ఆలోచన నాకు కలిగింది అప్పుడే.